చెల్లెలి పొలం, నా లెక్క

ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో ఆదాయపు పన్ను పాఠం చెప్పిన నేను, నా చెల్లెలికి ఒకే ఒక్కసారి పన్ను సలహా చెప్పాను. అది తప్పు సలహా. దానివల్ల ఆమె ఆరు లక్షల డెబ్బై అయిదు వేల రూపాయల పన్ను, దాని మీద వడ్డీ కట్టింది. కట్టనవసరమే లేని పన్ను అది. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఆ తప్పు చేయించిన బుద్ధే ఆ తర్వాత నా చేత ఇంకో తప్పు చేయించింది. మొదటిది మా ఇంటి వరకే. రెండోది దేశంలో ఇల్లో స్థలమో అమ్ముకునే ప్రతి మనిషికీ సంబంధించిన విషయంలో నేను పట్టుకు కూర్చున్న అభిప్రాయం. రెండూ ఒకే చోట పుట్టాయని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది.

మా నాన్న చెల్లెలి పెళ్లికి పసుపు కుంకుమ కింద ఎకరం మాగాణి రాశారు. తెనాలికి దగ్గర్లో ఒక పల్లె, కాలువ కింద పొలం. భర్త పోయాక ఆమె దాన్ని కౌలుకిచ్చి, వచ్చిన ధాన్యం డబ్బుతో గుట్టుగా బతికింది. 2021లో కొనేవాళ్లు వచ్చారు. బేరం నలభై అయిదు లక్షలకు కుదిరింది. అడ్వాన్సు తీసుకోకముందే నాకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, అమ్మితే గవర్నమెంటుకి ఏమన్నా కట్టాలా?"

"పొలానికి పన్నేమిటమ్మా? మున్సిపాలిటీ పొలిమేర దాటి ఆరు కిలోమీటర్ల అవతల ఉంది మనది. నిశ్చింతగా అమ్ముకో. డబ్బు మాత్రం అంతా బ్యాంకు ద్వారానే తీసుకో."

ఆ చివరి మాట ఒక్కటే సరైనది. ముందు చెప్పినదంతా తప్పు.

ఎక్కడ తప్పానో వివరంగా చెబుతాను. వ్యవసాయ భూమి అమ్మితే లాభం మీద పన్ను లేదని ఊళ్లలో అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. పల్లెలోని వ్యవసాయ భూమిని చట్టం మూలధన ఆస్తిగా లెక్కించదు. కానీ పట్టణం పక్కన ఉన్న భూమిని లెక్కిస్తుంది. ఎంత పక్కన అన్నది ఆ పట్టణం జనాభాను బట్టి ఉంటుంది. పదివేలు దాటి లక్ష వరకు ఉన్న ఊరైతే మున్సిపల్ హద్దు నుంచి రెండు కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల వరకు ఉంటే ఆరు, పది లక్షలు దాటితే ఎనిమిది. 2011 లెక్కల ప్రకారం తెనాలి జనాభా లక్షా అరవై వేలు దాటింది కాబట్టి మాకు ఆరు కిలోమీటర్లు. ఇంతవరకు నాకు బాగా తెలుసు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఆ ఆరు కిలోమీటర్లు ఎలా కొలవాలన్నదే చిక్కు. ఒకప్పుడు చట్టం ఆ మాట చెప్పలేదు. వివాదాలు కోర్టులకు వెళితే, మనిషి నడిచే దారి వెంబడే కొలవాలని హైకోర్టులు చెప్పాయి. నేను పాఠం చెప్పినన్నాళ్లూ అదే చెప్పాను. 2012లో రిటైరయ్యాను. 2013 ఫైనాన్స్ చట్టం ఆ నిర్వచనాన్ని మార్చింది. దూరాన్ని దారి వెంట కాదు, ఆకాశ మార్గాన, తిన్నగా కొలవాలని రాసింది. రిటైరయ్యాక కూడా ఏటా బడ్జెట్ రోజున టీవీ ముందు కూర్చునేవాణ్ణి. శ్లాబులు, రేట్లు రాసుకునేవాణ్ణి. ఒక నిర్వచనం మారితే ఒక పల్లెలో ఎకరం పొలం పన్నులోకి వచ్చి పడుతుందన్న ఆలోచనే నాకు లేదు. మా పొలానికి రోడ్డు కాలువ కట్ట పట్టుకుని వంపు తిరిగి వెళుతుంది. కట్ట మీద కొలిస్తే ఏడు కిలోమీటర్లు. తిన్నగా కొలిస్తే ఆరుకు లోపే.

చెల్లెలు ఆ డబ్బంతా మేనల్లుడికి హైదరాబాదులో ఫ్లాటు కొనడానికి ఇచ్చేసింది. ఫ్లాటు వాడి పేరు మీదే రిజిస్టరయింది. పన్ను లేదని అన్నయ్య చెప్పాడు కాబట్టి ఆమె రిటర్ను వెయ్యలేదు. కానీ ముప్ఫై లక్షలు, ఆపైన విలువున్న ప్రతి రిజిస్ట్రేషన్ వివరాలూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆదాయపు పన్ను శాఖకు వెళతాయి. 2024 వేసవిలో నోటీసు వచ్చింది.

నోటీసు తీసుకుని ఇద్దరం తెలిసిన ఆడిటరు దగ్గరికి వెళ్లాం. అతను నా దగ్గర చదువుకున్నవాడే. కాగితం చూసి, ఫోనులో మ్యాపు తీసి, మున్సిపల్ హద్దు దగ్గర ఒక వేలు, పొలం దగ్గర ఒక వేలు పెట్టి కొలిచాడు. నా ముఖంలోకి చూడకుండా, "మాస్టారూ, అది 2013లోనే మారిందండీ" అన్నాడు. అంతే అన్నాడు. నా పాఠం విని పైకొచ్చిన మనిషి, నన్ను నా చెల్లెలి ముందు చిన్నబుచ్చకూడదని ఎంత జాగ్రత్త పడ్డాడో నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాత లెక్క వేశాడు. కొన్న ధర కింద తీసుకునే 2001 ఏప్రిల్ 1 నాటి ప్రభుత్వ విలువ మూడు లక్షలు. పెరిగిన ధరలకు తగ్గట్టు దాన్ని పెంచి చూపే సూచిక 2001–02కి 100, అమ్మిన 2021–22కి 317. కాబట్టి కొన్న ధర తొమ్మిది లక్షల యాభై ఒక వేలు అవుతుంది. లాభం ముప్ఫై అయిదు లక్షల నలభై తొమ్మిది వేలు. అరవై దాటిన మనిషి కాబట్టి మూడు లక్షలు తీసేసి, మిగిలినదాని మీద ఇరవై శాతం, ఆపైన సెస్సు. మొత్తం ఆరు లక్షల డెబ్బై అయిదు వేల పైచిలుకు. ఆలస్యానికి నెలకు ఒక శాతం వడ్డీ వేరే.

ఆ పూట నన్ను ఎక్కువగా కుంగదీసింది ఈ మొత్తం కాదు. తప్పించుకునే దారులు చట్టంలోనే ఉన్నాయి, అవన్నీ నాకు తెలుసు. అమ్మిన ఆరు నెలల్లోపు లాభాన్ని సెక్షన్ 54ఈసీ బాండ్లలో పెట్టి ఉంటే, యాభై లక్షల వరకు పన్నే లేదు. అయిదేళ్ల తర్వాత అసలు చేతికొచ్చేది, మధ్యలో వడ్డీ వచ్చేది. లేదా, ఆ ఫ్లాటే ఆమె పేరు మీద కొని ఉంటే సెక్షన్ 54ఎఫ్ కింద మొత్తం పోయేది. డబ్బు ఇంటికే వెళ్లింది. దస్తావేజులో పేరు మాత్రం కొడుకుది. 'పన్ను ఉండొచ్చు, ఎవరినన్నా అడుగుదాం' అని నేను ఒక్క మాట అని ఉంటే ఈ రెండు దారుల్లో ఏదో ఒకటి దొరికేది. 'లేదు' అని అంత ఖాయంగా చెప్పడంతో అన్ని తలుపులూ మూసుకుపోయాయి.

పన్నులో సగం నేనిస్తానన్నాను. చెల్లెలు ఒప్పుకోలేదు. "నాన్న ఇచ్చినదాంట్లోంచి పోయిందిలే అన్నయ్యా, నీకేం సంబంధం?" అంది. ఇప్పటికీ ఆ విషయం ఎత్తదు. ఎత్తితేనే నాకు తేలిగ్గా ఉండేదేమో.

ఇక్కడితో బుద్ధి వచ్చి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. నాకు బుద్ధి రాలేదు, కోపం వచ్చింది. కోపమంతా చట్టం మీద. పొద్దున వాకింగులో, పెళ్లిళ్లలో, ఎవరు కనపడినా అదే మాట. షేర్లకు పన్నెండు నెలలు, స్థలానికి ఇరవై నాలుగు నెలలు, బంగారానికి ముప్ఫై ఆరు నెలలు. ఒకదానికి పది శాతం, ఇంకోదానికి ఇరవై. ఒకదానికి సూచిక ఉంది, ఇంకోదానికి లేదు. ఒక మినహాయింపుకు ఆరు నెలల గడువు, ఇంకోదానికి రెండేళ్లు, కట్టుకుంటే మూడేళ్లు. ఈ అడవినంతా నరికేసి ఒకే రేటు, ఒకే గడువు పెడితే మా చెల్లెలి లాంటి వాళ్లు బతికిపోతారని వాదించేవాణ్ణి. నేను నమ్మే అన్నాను.

2024 జూలై 23న నిర్మలా సీతారామన్ బడ్జెట్ ప్రసంగంలో దాదాపు నేను కోరుకున్నదే వినిపించింది. ఇకపై గడువులు రెండే: స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన వాటికి పన్నెండు నెలలు, మిగతా అన్నింటికీ ఇరవై నాలుగు. దీర్ఘకాలిక లాభానికి ఒకే రేటు, పన్నెండున్నర శాతం. ఆస్తులకు ఇరవై శాతం పోయింది, దానితోపాటు సూచిక కూడా పోయింది. నాకు పండగలా ఉంది. మా విశ్రాంత ఉపాధ్యాయుల పత్రికకు ఆ రాత్రే కూర్చుని వ్యాసం రాశాను. ఇన్నాళ్లకు సామాన్యుడికి అర్థమయ్యే చట్టం వచ్చిందని, ఇక ఎవరూ పొరపడరని రాశాను.

ఆ వారంలోనే పాత సహోద్యోగి ఒకాయన ఇంటికి వచ్చారు. గుంటూరులో 2012లో ముప్ఫై లక్షలకు కొన్న ఫ్లాటు, భార్య వైద్యం కోసం అమ్ముతున్నారు. యాభై రెండు లక్షలకు అగ్రిమెంటు అయింది. కొత్త లెక్క ప్రకారం ఎంత పడుతుందో చూడమన్నారు. యాభై రెండులోంచి ముప్ఫై తీస్తే ఇరవై రెండు లక్షలు. పన్నెండున్నర శాతం వేస్తే రెండు లక్షల డెబ్బై అయిదు వేలు. పాత పద్ధతిలో ఎంత అని అడిగారు. అది కూడా వేశాను. 2012–13 సూచిక 200, 2024–25ది 363. ముప్ఫై లక్షలు యాభై నాలుగు లక్షల నలభై అయిదు వేలు అవుతాయి. అమ్ముతున్నది యాభై రెండుకు. లాభం లేదు సరికదా, నష్టం. పన్ను సున్నా.

ఆయన కాగితం వంక చూస్తూ, "అయితే నాకు లాభం ఎక్కడొచ్చిందండీ, ఈ రెండు లక్షల డెబ్బై అయిదు వేలు కట్టడానికి?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. పన్నెండేళ్ల కింద ఆయన పెట్టిన డబ్బుకు ఏమేం వచ్చేవో, అమ్మితే వచ్చిన డబ్బుకు ఇవాళ అంతకంటే కాస్త తక్కువే వస్తున్నాయి. రూపాయల సంఖ్య మాత్రమే పెరిగింది. లాభం కాని దాని మీద పన్ను వేయకూడదన్న ఆలోచనలోంచే సూచిక పుట్టింది. పన్ను సంస్కరణల మీద రాజా చెల్లయ్య కమిటీ ఇచ్చిన సిఫారసుల్లో అది ఒకటి. మన్మోహన్ సింగ్ 1992 బడ్జెట్‌తో చట్టంలోకి వచ్చింది. ఇన్నేళ్లూ ఆ సూచికను క్లాసులో లెక్కలో రెండో మెట్టుగా చెప్పాను. 'కొన్న ధరను దీనితో గుణించండి, దానితో భాగించండి, లేకపోతే రెండు మార్కులు పోతాయి' అని చెప్పాను. ఎవరి కష్టం చూసి అది పెట్టారో ఒక్క ఏడాది కూడా ఒక్క విద్యార్థికీ చెప్పలేదు. నాకే ఆ ప్రశ్న తట్టలేదు. పైగా ఆ సూచిక కూడా పెరిగిన ధరలను పూర్తిగా పట్టించుకోదు. పట్టణ వినియోగ ధరల సూచీ పెరుగుదలలో డెబ్బై అయిదు శాతాన్నే అది లెక్కలోకి తీసుకుంటుంది.

ఆయన వెళ్లాక ఇంకో లెక్క వేసుకున్నాను. హైదరాబాదు పడమటి వైపు 2003–04లో అయిదు లక్షలకు స్థలం కొన్న మనిషి ఇప్పుడు రెండు కోట్లకు అమ్ముతున్నాడనుకుందాం. అక్కడ ఇది వింత కాదు. ఆ ఏటి సూచిక 109. పాత పద్ధతిలో అతని కొన్న ధర పదహారు లక్షల అరవై అయిదు వేలు అవుతుంది, పన్ను ముప్ఫై ఆరు లక్షల అరవై ఏడు వేలు. కొత్త పద్ధతిలో ఇరవై నాలుగు లక్షల ముప్ఫై ఏడు వేలు. అతనికి పన్నెండు లక్షలకు పైగా మిగిలింది. అసలేమీ మిగలని గుంటూరు ఫ్లాటు ఆయన రెండు లక్షల డెబ్బై అయిదు వేలు కట్టాలి.

ఇద్దరికీ ఒకే రేటు, ఒకే గడువు. నేను పత్రికకు పంపిన వ్యాసంలో పొగిడింది దీన్నే.

ప్రభుత్వం వాదన కూడా చదివాను. ఇళ్ల ధరలు సాధారణంగా ఏటా పన్నెండు నుంచి పదహారు శాతం పెరుగుతాయి, సూచిక నాలుగైదు శాతమే పెరుగుతుంది, కాబట్టి ఎక్కువమందికి కొత్త పద్ధతే మేలు అని. ఆస్తి విలువ బాగా పెరిగిన చోట అది నిజమే. లెక్క వేస్తే, 2001లో కొన్నది ఎనిమిది రెట్లకు మించి పెరిగితే కొత్త పద్ధతిలో పన్ను తగ్గుతుంది. 2009–10లో కొన్నదైతే అయిదు రెట్లకు దగ్గరగా పెరగాలి. మాదాపూరులోనూ గచ్చిబౌలిలోనూ పెరిగి ఉంటాయి. చిన్న పట్టణాల్లో, పాతబడిన అపార్టుమెంట్లలో, రాజధాని వస్తుందని ఆశపడి ఎక్కువ ధరకు కొన్న చోట్ల పెరగలేదు. సగటు మనిషిని చూసి రాసిన చట్టం, సగటుకు కింద ఉన్నవాడి మీద పడింది.

దేశమంతా గోల చేశాక సవరణ తెచ్చారు. 2024 ఆగస్టు 7న లోక్‌సభ ఆమోదించిన ఫైనాన్స్ బిల్లులో, జూలై 23కు ముందు కొన్న భూమికీ ఇళ్లకీ రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అది కట్టే వీలు ఇచ్చారు. మా గుంటూరు ఆయన బయటపడ్డారు. ఆ వార్త చూసిన రోజు నాకు ఏమనిపించిందో దాచకుండా చెబుతాను. చిరాకు వేసింది. శుభ్రమైన చట్టాన్ని మళ్లీ పాడు చేశారే అనుకున్నాను. కళ్ల ముందు ఒక మనిషి ఊపిరి పీల్చుకుంటుంటే నేను చట్టం అందం చెడిందని బాధపడ్డాను. అప్పుడు, సరిగ్గా అప్పుడే, చెల్లెలితో ఫోనులో మాట్లాడిన నా గొంతు నాకు వినిపించింది. 'పొలానికి పన్నేమిటమ్మా' అన్న గొంతు, 'ఒకే రేటు పెడితే అందరూ బతికిపోతారు' అన్న గొంతు ఒకటే. నియమాన్ని నేను చూశాను. దాని అవతల ఉన్న మనిషిని చూడలేదు.

ఆ తర్వాత పాత నోట్సులు తీసి ఒక్కో నియమాన్నీ ఇది ఎవరికోసం వచ్చింది అని అడుగుతూ చదివాను. ఈ మూలధన లాభాల పన్నే మన దేశంలో కుదురుగా రాలేదు. 1947లో లియాఖత్ అలీ ఖాన్ బడ్జెట్‌తో వచ్చి, రెండేళ్లకే రద్దయి, నికొలస్ కాల్డర్ నివేదిక తర్వాత 1956లో టి.టి. కృష్ణమాచారి మళ్లీ తెచ్చారు. అప్పటి నుంచి చేరిన ప్రతి మెలికా ఏదో ఒక గాయం మీద వేసిన కట్టే. దస్తావేజులో తక్కువ ధర రాసి మిగతాది నల్లడబ్బుగా తీసుకునేవాళ్ల కోసం సెక్షన్ 50సీ వచ్చింది, ప్రభుత్వ విలువకు తగ్గకూడదని. తర్వాత నిజంగానే తక్కువకు అమ్ముకున్నవాళ్లు నష్టపోతున్నారని పది శాతం తేడాను ఒప్పుకున్నారు. స్థలాన్ని డెవలప్‌మెంటుకిచ్చినవాళ్ల మీద, బిల్డరు చేతికి స్థలం ఇచ్చిన ఏడే, ఒక్క ఫ్లాటయినా చేతికి రాకముందే పన్ను పడేది. మన ఉమ్మడి హైకోర్టు కూడా 2014లో ఆ అర్థమే చెప్పింది. ఎందరో అప్పు చేసి కట్టారు. 2017లో ఆ నియమం మారి, భవనం పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చిన ఏడు పన్ను అన్నారు.

అదే 2017లో 10(37ఏ) అనే ఉపసెక్షన్ వచ్చింది. నేను రిటైరైనా పాత విద్యార్థులు పిలిస్తే వెళ్లి ఒకటి రెండు ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఒక రాష్ట్రం కోసం, ఒక పథకం కోసం దేశపు చట్టంలో ఒక ముక్క పెట్టడం తప్పని అక్కడ చెప్పాను. ఆ ముక్క అమరావతి రైతులది. 29 గ్రామాల వాళ్లు ముప్ఫై వేల ఎకరాలకు పైగా భూసమీకరణలో రాజధానికిచ్చారు. భూమి ఇచ్చి ప్లాటు కాగితం తీసుకోవడం చట్టం దృష్టిలో బదిలీ. ఆ సెక్షన్ లేకపోతే, డబ్బు చేతిలో పడకుండానే వాళ్లు పన్ను లెక్కలోకి వచ్చేవాళ్లు. నేను తప్పన్న ఆ ముక్క, పంట మానుకుని కాగితం పట్టుకు కూర్చున్న మనుషుల్ని కాపాడింది. అందులోనూ ఒక గడువుంది. ప్లాటు స్వాధీనమైన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్లలోపు అమ్మితేనే మినహాయింపు. 2019 తర్వాత రాజధాని పనులు ఆగిపోయాయి. కొనేవాడే లేని రోజుల్లో గడియారం మాత్రం నడిచింది. చట్టం మీద విమర్శ చేయదలిస్తే నేను చేయవలసింది ఆ గడువు మీద. నేను చేసింది మినహాయింపు మీద.

కాబట్టి సంస్కరణ వద్దని ఇప్పుడు అంటున్నానా? లేదు. ఇంకా గట్టిగా కావాలంటున్నాను. గడువులు మూడు నుంచి రెండుకు తగ్గడం మంచిదే, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోకూడదు. కానీ ఏడాది మధ్యలో తేదీ పెట్టి చట్టం మార్చకూడదు. ఆ ఒక్క జూలై 23 వల్ల ఆ ఏటి రిటర్నులో ప్రతి అమ్మకాన్నీ ముందు, తర్వాత అని విడదీసి చూపవలసి వచ్చింది. సులువు చేయడానికి తెచ్చిన మార్పు ఆ ఏడాది మామూలు మనుషులను ఆడిటర్ల చుట్టూ తిప్పింది. 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టాన్నే తీసుకోండి. 819 సెక్షన్లను 536కు కుదించారు, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. భాష నిజంగా తేలికైంది. ఆ శ్రమకు నేను దణ్ణం పెడతాను. అయినా ఆ ఆకాశ మార్గపు కొలత అందులోనూ అలాగే ఉంది. భాష ఎంత సులువైనా, కాలువ కట్ట మీద నడిచే రైతుకు తన పొలం తిన్నని గీత మీద ఎంత దూరమో తెలియదు. అది చెప్పవలసింది ప్రభుత్వం. ఏ గ్రామంలో ఏ సర్వే నెంబర్లు పన్ను పరిధిలోకి వస్తాయో జాబితా వేసి, రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే అమ్మేవాళ్ల చేతికి ఒక కాగితం ఇవ్వాలి. వివరాలు శాఖకు పంపే వ్యవస్థ ఎలాగూ ఉంది. అదే వ్యవస్థ అమ్మిన మనిషికి కూడా ఒక మాట చెప్పడం కష్టం కాదు. ఆ కాగితం చేతికొచ్చి ఉంటే, నేనేం చెప్పినా మా చెల్లెలికి బాండ్లు కొనడానికి ఆరు నెలలు ఉండేవి.

కొత్త ఇల్లు కొనడానికో కట్టుకోవడానికో డబ్బు దాచుకునే ఖాతా సంగతీ అంతే. 1988లో పెట్టిన పథకం అది. రిటర్ను గడువులోపు డబ్బు ఆ ప్రత్యేక ఖాతాలోనే పడాలి. మామూలు ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంటే కుదరదు. ఎందరో అక్కడ తప్పుతున్నారు. చివరికి డబ్బు ఇంటికే వెళ్లిందా లేదా అని చూసి కొన్ని హైకోర్టులు దయ చూపాయి. ఆ దయ కోసం హైకోర్టు దాకా ఎవరు వెళ్లగలరు?

విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఇంకో వరుస. మా మేనకోడలు డాలస్‌లో ఉంటుంది, విజయవాడలో ఫ్లాటు అమ్మింది. 2024 సవరణలో ఇచ్చిన ఎంపిక ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే, ఆమెకు లేదు. ముందుగా శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, కొనేవాళ్లు లాభం మీద కాదు, మొత్తం ధర మీదే పన్ను పట్టుకుంటారు. తర్వాత రిటర్ను వేసి వెనక్కి తీసుకోవాలి. ఈసారి సలహా అడిగితే, "నాకు ఖాయంగా తెలియదమ్మా, అమ్మకముందే ఆడిటర్ని కలువు" అన్నాను. ముప్ఫై ఏళ్ల పాఠంలో ఆ వాక్యం నేను వాడిన గుర్తు లేదు.

నాకు ఇప్పుడు నిద్ర పట్టనివ్వని విషయం జూలై 23 తర్వాత కొన్నవాళ్లది. మంగళగిరిలో 2025లో ఒక జంట అరవై లక్షలు పెట్టి ఫ్లాటు కొన్నారనుకోండి. ధరలు ఏటా అయిదు శాతం పెరిగితే, పన్నెండేళ్లకు ఆ ఫ్లాటు కోటీ ఏడు లక్షలు పలికినా దాని విలువ పెరగనట్టే. కానీ వాళ్లకు సూచిక లేదు, ఎంపిక లేదు. దాదాపు ఆరు లక్షలు కట్టాలి. ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది. వైద్యానికో, పిల్ల చదువుకో, అప్పు తీర్చడానికో అమ్ముకున్నవాళ్లకు లేదు. వాళ్లు నా సహోద్యోగిలా ఎవరింటికో కాగితం పట్టుకు వెళితే, తగ్గించడానికి రెండో లెక్క కూడా ఉండదు. ఇవాళ వాళ్లకు ఈ సంగతి తెలియదు, కాబట్టి గోల చేసేవాళ్లు లేరు.

దీనికి కొత్త యంత్రాంగం ఏమీ అక్కర్లేదు. పాత ఆస్తుల కోసం సూచికను ప్రభుత్వం ఇప్పటికీ ప్రకటిస్తోంది. 2025–26కు 376 అని చెప్పింది. రేటు ఎంతైనా పెట్టుకోండి, పన్నెండున్నర కాకపోతే పదిహేను పెట్టుకోండి, కానీ పెరిగిన ధరలను ముందు తీసేసి, మిగిలిన నిజమైన లాభం మీద వేయండి. ఎప్పుడు కొన్నా, ఎక్కడున్నా అందరికీ ఒకటే లెక్క. అప్పుడు గుంటూరు ఆయనా, హైదరాబాదు ఆయనా, మంగళగిరి జంటా ఒకే వాక్యం కింద నిలబడతారు. విశ్రాంత ఉపాధ్యాయుల పత్రికలో నా పాత వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాశాను, వాళ్లు అచ్చు వేశారు. బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖ సలహాలు అడిగినప్పుడు ఈ మాటే రాసి, ఈ మూడు లెక్కలూ పక్కపక్కన వేసి పంపాను. ఈసారి పంపేముందు అంకెలన్నీ ఆ ఆడిటరు చేత సరిచూపించాను.